కడిగేసిన వేర్లు

ముప్పై రెండేళ్ల నాలుగు నెలల ఉద్యోగంలో నేను పేరు చెప్పిన ప్రతి కలుపు మొక్కనూ, ప్రతి కలుపు గింజనూ నా సొంత నోటు పుస్తకాల్లో రాసుకున్నాను. మొత్తం తొమ్మిది పుస్తకాలు. అందులో తప్పు చెప్పినవి పదకొండు. వాటి పక్కన ఎర్ర సిరాతో గీత ఉంటుంది, ఏ రోజున తప్పని తెలిసిందో ఆ తేదీ ఉంటుంది. సరిగ్గా చెప్పి కూడా ఆలస్యంగా చెప్పింది ఒకటి ఉంది. దాని పక్కన ఎర్ర గీత లేదు. పద్ధతి ప్రకారం అది తప్పు కాదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీకు ఆ ఒక్కదాని గురించే చెప్పాలనుకుంటున్నాను.

మాది నిజామాబాద్‌లో నాలుగు గదుల ల్యాబ్. విత్తనాల్లో ఏ కలుపు గింజలు కలిశాయో ఏరి చూడడం, రైతులు తెచ్చిన తెలియని మొక్కలకు పేరు చెప్పడం మా పని. నేనూ, మా ఇన్‌చార్జి సారూ, ఒక అటెండరూ ఉండేవాళ్లం. సారు మంచివాడు, మెతక మనిషి. సంతకం చేసే ముందు కాగితం చదవని మనిషి అని నేను ఆయన్ని ఇరవై ఏళ్లు చిన్నచూపు చూశాను. అటెండరు నాకంటే నాలుగేళ్లు పెద్ద, రిటైర్మెంటు లేని కాంట్రాక్టు మనిషి. పద్నాలుగేళ్లు నా చేతి కింద పని చేశాడు.

నా నియమాల్లో ముఖ్యమైనవి రెండు. మొదటిది, నాలుగాకులు రానిదే ఏ మొక్కకూ పేరు రాయకపోవడం. గింజలోంచి మొదట వచ్చే రెండు మొలకాకులు లెక్కలోకి రావు. ఆ వయసులో సగం మొక్కలు ఒకేలా ఉంటాయి. అసలు రూపు తర్వాతి ఆకుల్లో తెలుస్తుంది. ఉద్యోగంలో చేరిన ఆరో ఏట ఒక రైతు తెచ్చిన మొలకను చూసి తొందరపడి చిలకతోటకూర అని రాశాను. కాదని తేలింది. ఆ రైతు మా వరండాలో నిలబడి, పదిమంది వింటుండగా, "తోటకూర గుర్తువట్టనోళ్లను తెచ్చి కుర్చీల కూసోవెట్టిండ్రు" అని అరిచి పోయాడు. ఆ రోజే ఈ నియమం పెట్టుకున్నాను. ఎర్ర గీతల్లో ఆ తప్పు మూడోది.

రెండో నియమం శుభ్రత. మన్నుతో ఉన్న నమూనా నా బల్ల మీదికి రాకూడదు. వేర్లను మూడు నీళ్లలో కడగాలి, ఆరబెట్టాలి, తెల్ల ట్రేలో వరసగా పేర్చాలి. ఇదంతా టైపు చేయించి, కింద సంతకం పెట్టి, ప్లాస్టిక్ పూత వేయించి సింకు పైన గోడకు తగిలించాను. అటెండరు ఆ కాగితం చూసినప్పుడల్లా నవ్వేవాడు. "మా అల్లుని కాళ్లు గూడ గిట్ల కడగలే మేడమ్," అనేవాడు. కానీ కడిగేవాడు. అంత బాగా కడిగే మనిషి ఇంకో ల్యాబ్‌లో లేడని నేను గర్వపడేదాన్ని.

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, సెప్టెంబరు ఇరవై నాలుగు, మంగళవారం, పొద్దున పదకొండు గంటల నలభై నిమిషాలకు ఒకామె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. బోధన్ అవతల మంజీర ఒడ్డున వాళ్ల ఊరు. భర్త బోధన్‌లో రైస్ మిల్లు హమాలి. ఆమె బీడీలు చేస్తుంది, మూడు బర్లు మేపుతుంది. మూడు అని తనే చెప్పి, నాలుక కరుచుకుని, "రెండు" అని దిద్దుకుంది. మూడోది ముందురోజు చచ్చిపోయింది.

"ఐతారం పొద్దూకంగ మేసి వచ్చింది మేడమ్. రాత్రి మెడ ఒకదిక్కు తిప్పుకొని పడ్డది. కాళ్లు కొట్టుకున్నది, కొట్టుకున్నది... తెల్లారేవరకు పానం పోయింది."

బోధన్‌లో పశువుల డాక్టరు చూసి, ఏదో విషపు మొక్క తిన్నట్టుంది, బర్రె మేసిన చోటు నుంచి మొక్కలు పీక్కుపోయి చూపించు అని చీటీ రాసి మా దగ్గరికి పంపాడు. ఆమె ప్లాస్టిక్ సంచిలోంచి మూడు కట్టలు తీసి నా బల్ల మీద పెట్టబోయింది. మూడూ బీడీ దారంతో కట్టినవి. మన్ను రాలుతుంటే నేను చేయి అడ్డం పెట్టి, "బల్ల మీద కాదమ్మా, కింద పెట్టు," అన్నాను. కింద పెట్టి, వాటి పక్కనే తనూ కూర్చుంది.

మొదటి కట్ట జొన్న పిలకలు. కోసిన జొన్న మోళ్లకు మళ్లీ వచ్చిన లేత పిలకల్లో విషం ఉంటుందని పశువులున్న ఎవరికైనా తెలుసు. రెండోది గరిక, తుంగ. మూడో కట్టలో ఏడు మొలకలు. ఒక్కోదానికి రెండే ఆకులు. వేలంత పొడుగు, సన్నం, మందం, నున్నగా మెరుస్తూ. కాండం అడుగున కొంచెం ఊదా రంగు. మంజీర వరద వదిలిపోయిన ఒండ్రు వాటి వేర్ల చుట్టూ ఉండలు కట్టి ఉంది.

"జొన్నే అయి ఉంటుంది," అన్నాను.

"జొన్న సంపుతదని మాకు ఎర్కే మేడమ్. అది గట్టు మీద ఒక్క నోరు పెట్టిందో లేదో, నేనే కొట్టి మళ్లేసిన. నాకైతే గీ రెండాకుల దాని మీదనే శక్ ఉన్నది. ఏటి ఒడ్డుకు నీళ్లు దీసినకాడ పచ్చగ చాప పరిచినట్టు మొలిసింది."

"ఇది ఏమిటో తేలాలంటే కుండీలో పెంచి చూడాలి. పది రోజులు పడుతుంది."

"పది దినాలా? గప్పటిదాంక యాడ మేపాలె?"

"జొన్న వైపు మాత్రం తోలొద్దు."

"మరి ఏటి దిక్కు?"

ఇప్పుడు రాస్తుంటే కూడా ఆమె ముఖం కనిపిస్తోంది. చీర కొంగు చివర నోట్లో పెట్టుకుని, నా నోటి వైపు చూస్తోంది.

"ఆ మొక్క పేరు తేలేదాకా నేను ఏమీ చెప్పలేనమ్మా," అన్నాను.

అది నిజం. నా ఉద్యోగంలో అబద్ధం చెప్పలేదు. కానీ ఆమె అడిగింది పేరు కాదు. బర్లను ఏటి దిక్కు తోలాలా వద్దా అని అడిగింది. ఒకటి సూడి బర్రె, ఇంకోటి పాలిస్తోంది, దానికి రెండు నెలల దుడ్డె ఉంది. ఊరి చుట్టూ ఒకప్పటి చెరుకు భూముల్లో ఇప్పుడు వరి, జొన్న. మేపే చోట్లు ఆమెకు రెండే. ఒకటి నేను మూసేశాను. రెండోదాని గురించి ఏమీ చెప్పలేనన్నాను. ఇక ఎక్కడికి తోలుతుందో లెక్క వేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. లెక్కలు రాసుకునే అలవాటున్న నేను ఆ లెక్క వేయలేదు.

సారు ఆ సమయానికి అటుగా వచ్చి, కింద కూర్చున్నామెను చూసి, సంగతి విన్నాడు. నన్ను పక్కకు పిలిచి, "ఎందుకైనా మంచిది, 'అనుమానం ఉంది, మేపవద్దు' అని రాసి ఇచ్చెయ్యమ్మా. పోయేదేముంది?" అన్నాడు.

"అనుమానం అనే గడి మన ఫారంలో లేదు సార్," అన్నాను.

ఆయన ఫారం వైపు చూశాడు, నా వైపు చూశాడు, వెళ్లిపోయాడు. మొదటి నమూనా: జొన్న పిలకలు, పశువులకు విషం. రెండో నమూనా: గరిక, తుంగ, హాని లేదు. మూడో నమూనా: గుర్తింపు జరగవలసి ఉంది. ఇలా రాసి ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. ఎవరితోనైనా చదివించుకొమ్మన్నాను. "పోత మేడమ్, పొద్దూకితే కార్ఖాన్ల బీడీలు తీస్కోరు," అని లేచింది. వాళ్లింటి పక్క కిరాణా కొట్టు ఫోను నంబరు నా దగ్గర రాయించింది.

అటెండరు మూడో కట్టను సింకు దగ్గరికి తీసుకుపోయాడు. కాసేపటికి, "అబ్బా!" అని వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"ఏమైంది?"

"ఏందో గుచ్చుకున్నది మేడమ్. మన్నుల ముల్లున్నది."

"ఏటి ఒండ్రు కదా, ముళ్లు ఉండవా? గ్లౌజులు వేసుకోమని ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆయన గ్లౌజులు వేసుకున్నాడు. మూడు నీళ్లలో కడిగాడు. ఏడు మొలకలు, ఏడు తెల్లటి వేర్లు, దారాల్లాగా వరసగా, తెల్ల ట్రేలో. నేను మెచ్చుకున్నాను. అందులో ఐదింటిని కుండీల్లో నాటించి, రెండింటిని కాగితాల మధ్య అద్ది పెట్టాను.

తర్వాతి రోజులు నా పుస్తకంలో ఇలా ఉన్నాయి. ఇరవై ఐదు, మార్పు లేదు. ఇరవై ఆరు, ఒకటి వాడింది. ఇరవై ఎనిమిది, నడిమిలో చిగురు. ముప్పై, సోమవారం: రెండు ఆకులు విచ్చాయి. గరుకుగా, అంచున పళ్లు. ఆ సోమవారమే నాకు తెలిసింది. నా మనసులో పేరు వచ్చేసింది. పేరు వచ్చిందని పుస్తకంలో రాయలేదు గాని, ఆ పూట రాసిన అక్షరాలు కొంచెం పెద్దవిగా ఉన్నాయి. ఇంకో రెండాకులు వస్తే నియమం పూర్తవుతుంది. అక్టోబరు ఒకటి, మంగళవారం చూశాను, మొగ్గగా ఉన్నాయి. బుధవారం గాంధీ జయంతి, సెలవు. గురువారం పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు నాలుగో ఆకు విచ్చుకుంది. అల్మారాలోంచి ఎండబెట్టిన పాత మొక్కల అట్టలు తీసి పోల్చాను. మరులమాతంగి. బీళ్లలో, గట్ల మీద, రోడ్ల పక్కన ఎక్కడైనా నడుము ఎత్తు పెరిగి, ముళ్లకాయలు కాసి, ఏడాది తిరక్కుండా ఎండిపోయే మొక్క. మనం నడిస్తే బట్టలకు, పశువు నడిస్తే తోకకు ఆ కాయలే అంటుకుంటాయి. ముదిరాక పశువు దాన్ని ముట్టదు. రెండాకుల వయసులో మాత్రం అది విషం. ఈ సంగతి నేను పుస్తకంలో కనీసం ఐదారు సార్లు చదివాను.

కిరాణా కొట్టుకు ఫోన్ చేశాను.

"ఎవలు? ల్యాబ్ మేడమా?" అంది కొట్టామె. "ఇంకెందుకు మేడమ్. మంగళారం సూడిది పోయింది. నిన్న పాల బర్రె గూడ పాయె."

ఫోన్ పెట్టేసి, ఆ అట్టలు మళ్లీ వరస ప్రకారం అల్మారాలో పెట్టాను. వరస తప్పకుండా పెట్టాను. చేతులకు అలవాటు. అప్పుడు డాక్టరు చీటీ చూశాను. తొమ్మిది రోజులుగా నా ఫైల్లోనే ఉంది. "సాయంత్రం మేసింది, రాత్రంతా బాధపడి తెల్లవారుజామున చనిపోయింది" అని ఉంది. జొన్న విషమైతే అంతసేపు ఆగదు, మేసిన కాసేపటికే పడిపోతుంది. అది కూడా నాకు తెలుసు. పశువు లక్షణాల గడి నాది కాదని చీటీ చదవలేదు, ఆమె నోటితో చెప్పిందీ పట్టించుకోలేదు.

శుక్రవారం సెలవు పెట్టి బోధన్ బస్సెక్కాను. ఎందుకు వెళ్తున్నానో నాకే తెలియదు. బతుకమ్మ రోజులు. బస్సు నిండా గునుగు పూల మోపులు. గునుగు కూడా మా పుస్తకాల్లో కలుపు మొక్కే. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒకామె, "సీటు మీద పువ్వు రాలుతది, ఏమనుకోకు అక్కా," అంది. బోధన్ నుంచి ఆటోలో వెళ్లాను.

పాక ముందు దుడ్డె ఒకటే కట్టేసి ఉంది. ఇంటి దగ్గరే ఉండబట్టి అది మిగిలింది. నా చేతి సంచిని నాకుతోంది. పాకలో మూడు గుంజలు ఖాళీగా ఉన్నాయి. ఆమె చేటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి లేవబోయింది, కూర్చోమన్నాను.

"పేరు దొరికిందా మేడమ్?" అంది.

"దొరికింది. మరులమాతంగి."

"మంచిగున్నది పేరు," అంది. మళ్లీ బీడీ చుట్టడం మొదలుపెట్టింది. వేళ్లు ఆగలేదు.

వెటకారం చేసిందా అని చాలా రోజులు ఆలోచించాను. కాదనుకుంటాను. వెటకారానికి కూడా కొంచెం ఓపిక కావాలి.

ఆమె అత్త గుమ్మం పక్కన కూర్చుని ఉంది. ఎనభై దాటి ఉంటాయి, చూపు లేదు. "ఎవలే వచ్చింది?" అని అడిగింది. కోడలు చెప్పింది. పాక మూలన ఎండిన మొలకల కుప్ప ఉంది. పాల బర్రె పోయిన రోజు కోడలు కోపంతో ఏటి ఒడ్డున చేతికందినన్ని పీక్కొచ్చి అక్కడ పారేసిందట. నేను ఒకటి తీసుకుని చూస్తుంటే, ముసలామె చేయి చాపింది. ఇచ్చాను. ఆకులు తడిమింది. కాండం మీదుగా కిందికి పోయింది. వేరు దగ్గర మన్ను ఉండను వేళ్లతో నలిపింది. మన్ను రాలింది. లోపల చింతగింజంత ఎండు ముళ్లకాయ, దాన్ని చీల్చుకుని బయటికి వచ్చిన వేరు.

"గిది బర్ల తోకలకు పట్టే ముండ్లకాయ గాదా?" అంది. "పెద్దగైతే బర్రె దీనికి మూతి వెట్టది. మొలక దింటే మాత్రం బర్రె బతకదని మా బాపు అంటుండె."

కోడలి వేళ్లు అప్పుడు ఆగాయి. "గీ ముచ్చట ఎన్నడన్న చెప్పినవా అత్తా?"

"నన్ను ఎవలు అడిగిండ్రు? సదువుకున్నోళ్ల కాడికి పట్టుకపోతివి." తర్వాత నా వైపు, అంటే నా గొంతు వచ్చిన వైపు తిరిగింది. "కాయ దాని కాలికే ఉన్నది గదా బిడ్డా. మీ కాడ సూడలేదా?"

ఏమని చెప్పను? కడిగేశామని చెప్పాలా?

సాయంత్రం నాలుగున్నరకు ల్యాబ్‌కు తిరిగి వచ్చాను. సెలవు పెట్టిన రోజున నేను రావడం చూసి అటెండరు కంగారుపడ్డాడు. సింకు అడుగున చెత్తను ఆపే జాలి తీయమన్నాను. ఒండ్రు మట్టి, గడ్డి పోచలు, వాటి కింద ముళ్లకాయలు. కాగితం మీద పరిచి లెక్కపెట్టాను. ఆరు. మొలకలు ఏడు. ఏడో కాయ నీళ్లతో పోయిందేమో, ఏదో ఒక పొద్దున ఊడ్చిన చెత్తలో పోయిందేమో. ఆయన ఆ కాయలను చూసి, తన బొటనవేలు చూసుకున్నాడు. "గుచ్చుకున్నదని చెప్పిన గదా మేడమ్," అన్నాడు మెల్లగా. నింద వేయలేదు. గుర్తు చేశాడంతే. గుచ్చుకున్నది ఏమిటని ఆ రోజు నేను లేచి నాలుగడుగులు వేసి చూసి ఉంటే, ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నానికే కిరాణా కొట్టుకు ఫోన్ చేసి ఆమెకు పేరు చెప్పి ఉండేదాన్ని. నాలుగాకులు అక్కర్లేదు. రెండూ అక్కర్లేదు.

సోమవారం రిపోర్టు పూర్తి చేశాను. నమూనా వచ్చిన తేదీ, నాటిన తేదీ, ఆకులు విచ్చిన తేదీలు, పోల్చిన అట్ట నంబరు, పేరు, పశువులకు విషమన్న మాట, సంతకం, ముద్ర. సారు మొదటిసారి ఒక కాగితాన్ని పూర్తిగా చదివాడు. రెండుసార్లు చదివాడు. "ఒక్క తప్పు లేదమ్మా," అని సంతకం చేశాడు. నిజమే. ఆ రిపోర్టులో ఈ రోజుకీ నాకు ఒక్క తప్పు దొరకలేదు.

ఆ ఆరు కాయలను చిన్న సీసాలో వేసి, తేదీ రాసి అంటించి, సింకు పక్క అలమరలో పెట్టాను. ప్లాస్టిక్ పూత కాగితం కింద ఇంకో తెల్లకాగితం అంటించాను. "మన్ను విదిలించే ముందు వేళ్లతో తడిమి చూడాలి. మన్నులో దొరికింది కూడా నమూనాయే" అని నా చేత్తో రాశాను. మిగిలిన రెండేళ్లూ అలాగే చేశాం. నాలుగాకుల నియమం కూడా వదిలేశాను. ఎవరు అడిగినా ముందు మేపొద్దు అనేదాన్ని, తర్వాత పేరు. అప్పటినుంచి ఏ పశువు పోయినట్టూ మా దగ్గరికి వార్త రాలేదు. వార్త రాలేదంటే పోలేదని కాదు. నా దగ్గర లెక్క లేదు.

ఆమెను తర్వాత ఒకేసారి చూశాను, బోధన్ బస్టాండులో, బీడీల గంపతో. పలకరించాను. దుడ్డెను అమ్మేశామని చెప్పింది. "పాలు లేక అది బతకకపోతుండె మేడమ్," అంది. ఏటి ఒడ్డున ఆ మొక్క ఉందా అని అడిగాను. ఉందంది. ఉంటుంది. ఒక్కో కాయలో రెండు గింజలుంటాయి. ఒకటి ఈ ఏడు మొలిస్తే రెండోది మన్నులో ఆగి, మరుసటి ఏడో ఆ పై ఏడో లేస్తుంది. మనం ఈ ఏడు పీకింది సగమే.

పోయిన నెల అటెండరు మనవరాలి పెళ్లి పిలుపుల కోసం నాతో కలిసి పాత ల్యాబ్‌కు వచ్చాడు. ఇప్పుడక్కడ ఇద్దరు అమ్మాయిలు పనిచేస్తున్నారు. చురుకైన పిల్లలు. ఫోన్‌తో ఆకు ఫొటో తీస్తే పేరు వచ్చేస్తుందని చూపించారు. నాకు సంతోషమే వేసింది, రెండాకుల మొలకను కూడా చెబుతుందా అని అడిగాను. "నాలుగాకులుంటే మంచిగ చెప్తది మేడమ్," అన్నారు.

సింకు మార్చారు. స్టీలుది. దాని పైన గోడ మీద నా ప్లాస్టిక్ పూత కాగితం అలాగే ఉంది, నా సంతకంతో సహా. దాని కింద తెల్లకాగితం లేదు. సున్నం వేసినప్పుడు పోయిందేమో. అలమరలో సీసా కూడా లేదు. నమూనా నంబరు లేని సీసాలన్నీ పారేశారట. అదీ నేను పెట్టిన నియమమే.

బల్ల మీద తెల్ల ట్రేలో ఎవరో రైతు తెచ్చిన మొలకలు వరసగా ఉన్నాయి. వేర్లు తెల్లగా, దారాల్లా మెరుస్తున్నాయి. అటెండరు వాటిని చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

"మీరు పెట్టిన పద్ధతే మేడమ్," అంది పెద్దమ్మాయి గర్వంగా. "ఒక్క రవ్వ మన్ను ఉండనియ్యం."

"సింకు జాలి ఎప్పుడు తీసి చూశారు?" అని అడిగాను.

ఆ పిల్ల నవ్వింది. "దాంట్ల ఏముంటది మేడమ్, చెత్త తప్ప?"